పద్మ అడుగున పట్టు

దడాల్... దడాల్...

నది నడిమధ్యన సుత్తి దెబ్బలు. జర్మనీ నుంచి తెప్పించిన భారీ హైడ్రాలిక్ సుత్తి అది. దాని కింద 3 మీటర్ల వ్యాసమున్న ఉక్కు పైల్, అంటే పునాది గొట్టం. దెబ్బ దెబ్బకీ కొంచెం కొంచెంగా నేలలోకి దిగుతోంది. వంద మీటర్లు దాటి దిగాలి.

బంగ్లాదేశ్‌లో గంగ, బ్రహ్మపుత్ర కలిసి పద్మగా పారే చోటు. ఈ ఒడ్డున మావా, ఆ ఒడ్డున జాజిరా. వంతెన లేని రోజుల్లో పండక్కి ఊరెళ్లాలన్నా, రోగిని ఢాకా ఆసుపత్రికి చేర్చాలన్నా రేవులో పంటు కోసం పడిగాపులే. వంతెనకు ఇస్తామన్న 120 కోట్ల డాలర్ల అప్పును 2012లో ప్రపంచ బ్యాంకు రద్దు చేసింది. సొంత డబ్బుతో కట్టుకుంటామని ఆ దేశం పట్టుబట్టింది. 2015 డిసెంబరు 12న ప్రధాన వంతెన పనులు లాంఛనంగా మొదలయ్యాయి.

డబ్బు గండం గడిచింది. నేల గండం ఎదురైంది.

పద్మ అడుగున ఎంత లోతుకెళ్లినా ఇసుక, ఒండ్రే. పైల్ చుట్టూ బిగిసిన మట్టి పట్టే అక్కడ పెద్ద ఆధారం. వరదొస్తే నది తన అడుగును తానే కోసుకుంటుంది. ఆ కోత 60 మీటర్లు దాటవచ్చని లెక్క. అంత మట్టీ పోయాక మిగిలిన లోతే వంతెనను మోయాలి. అందుకే నదిలోని 40 పియర్లకు, అంటే వంతెన స్తంభాలకు, ఒక్కోదానికి ఆరేసి ఏటవాలు పైళ్లు డిజైన్‌లో గీశారు.

తీరా దిగాక, ఇసుక ఉంటుందనుకున్న లోతులో బంకమట్టి తగిలింది. చివరికి 22 పియర్ల డిజైన్ మార్చాల్సి వచ్చింది. నేల కాదన్న గీతను మొండిగా దించేయలేదు. సందేహమున్న చోట ఆగారు, మిగతాచోట్ల సాగారు. 2017 సెప్టెంబరు 30న 37, 38 పియర్ల మీద మొదటి స్పాన్, అంటే రెండు స్తంభాలను కలిపే వంతెన భాగం, కూర్చుంది. ఆ సమయానికి కూడా నిపుణుల బృందం బంకమట్టి చిక్కుతోనే కుస్తీ పడుతోంది. బృందానికి పెద్ద జమీలుర్ రెజా చౌధురి, ఆ దేశపు పేరెన్నికగన్న ఇంజినీరింగ్ ఆచార్యుడు.

దారి దొరికింది. ఆ 22 పియర్లకు ఆరు పైళ్ల నడుమ నిటారుగా ఏడోది. వాటిలో కొన్నింటికి స్కిన్ గ్రౌటింగ్.

ఈ పద్ధతిలో పైల్ బయటి ఒంటికి నిలువునా సన్నటి గొట్టాలు అమర్చారు. పైల్ దిగాక వాటి గుండా సిమెంటు పాలను ఒత్తిడితో పంపారు. మామూలు సిమెంటైతే ఇసుక రేణువుల సందుల్లో దూరదు. అందుకే అతి మెత్తగా నూరిన మైక్రోఫైన్ సిమెంటు వాడారు.

ఇలాంటి పనిలో పంపు దగ్గర నిలబడ్డవాడికి కనిపించేవి రెండే: ఒత్తిడి చూపే ముల్లు, లోపలికి పోయిన సిమెంటు లెక్క. ముల్లు కదలకుండా సిమెంటు పోతూనే ఉంటే, అది ఎక్కడో దారి తప్పుతోంది. సిమెంటు పోకుండా ముల్లు ఎగబాకితే గొట్టం పూడింది. రెండూ కలిసి నెమ్మదిగా పెరుగుతుంటేనే ఊపిరి పీల్చుకోవాలి. అప్పుడు లోపల సుత్తి దెబ్బలకు చెదిరిన మట్టి మళ్లీ బిగుస్తుంది. సందులు నిండుతాయి. గడ్డకట్టిన సిమెంటు ఇసుకనీ ఉక్కునీ కలిపి పట్టుకుంటుంది. నున్నటి గొట్టానికి వేరు బెరడులాంటి గరుకు ఒళ్లు వస్తుంది. అదే పైల్, అదే నేల. మోసే బరువు మాత్రం పెరుగుతుంది.

అలా నదిలో మొత్తం 262 ఉక్కు పైళ్లు దిగాయి. 2020 డిసెంబరు 10న 12, 13 పియర్ల మీద చివరిదైన 41వ స్పాన్ చేరి, రెండు ఒడ్లూ కలిశాయి. ఆ రోజు చూడటానికి జమీలుర్ రెజా చౌధురి లేరు. అదే ఏడాది ఏప్రిల్ 28న కన్నుమూశారు.

2022 జూన్ 25న ప్రారంభమైన 6.15 కిలోమీటర్ల ఆ వంతెన మీద ఇప్పుడు బస్సులు నిమిషాల్లో నది దాటుతున్నాయి. కిటికీలోంచి చూసే పిల్లలకు నీళ్లే కనిపిస్తాయి. ఆ నీళ్ల కింద, ఏటా వరద కోసుకుపోయే మట్టికి ఇంకా అడుగున, ఆగి ఆలోచించిన మనుషుల పట్టుదల సిమెంటై ఉక్కును పట్టుకుని ఉంది.