ఖైదీ గొంతు, వలసజీవి గొంతు

సామ్రాజ్యవాదం వలసదేశాల భూమిని కొలిచింది, జనాన్ని లెక్కించింది, గొంతులను సైతం పట్టి భద్రపరచింది. ఈ మూడవ పనిని మన చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. నైజీరియా ధ్వనికళాకారుడు ఎమెకా ఒగ్బో కృషిని అంచనా వేయాలంటే అక్కడినుంచే మొదలుపెట్టడం న్యాయమని నా ఉద్దేశం.

1915లో ప్రష్యా ప్రభుత్వం ఒక ఫోనోగ్రాఫ్ సంఘాన్ని నియమించింది. 30 మంది పైచిలుకు పండితులు యుద్ధఖైదీల శిబిరాలు తిరిగి, 1918లోగా సుమారు 250 భాషలలో 1,650 గ్రామఫోను రికార్డులు తయారుచేశారు. బెర్లిన్‌కు దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్‌లోని అర్ధచంద్ర శిబిరంలో ఆఫ్రికన్లతోపాటు, ఇంగ్లీషువాడి సైన్యంలో పోరాడి చిక్కిన భారతీయులూ ఉన్నారు. ఖైదీ ఏమి చెబుతున్నాడన్నది పండితులకు పట్టలేదు. ఏ ధ్వనిని ఎలా పలుకుతున్నాడన్నదే కావాలి. (భాషకు మనిషి అడ్డమన్న ఈ వైఖరి మన విశ్వవిద్యాలయాలలోనూ లేకపోలేదు.)

అయినా మనిషి అడ్డు తగలనే తగిలాడు. 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి యంత్రపు గరాటా ముందు నిలబడి, తన కథే మరెవరిదో అన్నట్టు చెప్పుకొచ్చాడు: హిందూస్థానంలో వెన్న తిని బతికిన మనిషి ఒకడు ఈ యుద్ధంలోకి వచ్చి పడ్డాడనీ, వాడికి ఇంటికి పోవాలని ఉందనీ, ఇంకా రెండేళ్ళు ఇక్కడే ఉంటే చచ్చిపోతాడనీ. ఉచ్చారణకు నమూనా అడిగితే ఇంటి బెంగను ఇచ్చాడు. ఆ రికార్డు నేటికీ బెర్లిన్‌లోనే ఉంది.

ఒగ్బో 1977లో ఎనుగులో పుట్టాడు. లాగోస్ వీధుల సవ్వడిని, ముఖ్యంగా డాన్‌ఫో బస్సుల కండక్టర్ల కేకలను రికార్డు చేసి పేరు తెచ్చుకున్నాడు. తరువాత బెర్లిన్‌లోనూ నివాసమేర్పరచుకున్నాడు. 2015లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో 'జర్మనుల పాట' వినిపించాడు. బెర్లిన్‌లో బతుకుతున్న ఆఫ్రికన్ వలసజీవులు పదిమంది జర్మనీ జాతీయగీతాన్ని తమ తమ భాషలలో పాడారు. పది లౌడ్‌స్పీకర్లు, ఒక్కొక్కటి ఒక్కో గాయకుని ఎత్తున అమర్చినది. ముందు విడివిడి గొంతులు, ఆపైన బృందగానం.

ఆ భాషలలో ఎవె, డువాలా ఉండడం గమనించదగినది. మొదటిది టోగోలో, రెండవది కామెరూన్‌లో మాట్లాడే భాష. ఆ రెండు దేశాలూ 1884 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా జర్మనీ వలసరాజ్యాలే. ఆఫ్రికాను పంచుకునే నియమాలు కుదిరిన 1884-85 సమావేశం జరిగిందీ బెర్లిన్‌లోనే. ఇక పాటకూ తన చరిత్ర ఉంది. హైడన్ బాణీ 1797లో వియన్నా చక్రవర్తిని కీర్తించడానికి పుట్టింది. హాఫ్‌మన్ ఫాన్ ఫాలర్స్‌లేబెన్ మాటలు 1841లో వచ్చి చేరాయి. హిట్లర్ కాలంలో మొదటి చరణం అధికారానికి బాకా అయింది. నేడు మూడవ చరణమే జాతీయగీతం. కనుక వలసజీవి ఆ పాటను తన భాషలోకి తెచ్చుకోవడాన్ని యాచన అనడానికి వీల్లేదు. జర్మనీ పిలవకుండానే టోగోకు వెళ్ళింది. టోగో భాష ఇప్పుడు జర్మనీ పాటలో వచ్చి కూర్చుంది.

కాని నాకొక పేచీ ఉంది. గొంతు వారిది, భాష వారిది. మాట మాత్రం ప్రభుత్వానిది. ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ అని పాడుతున్న మనిషికి నివాసపు కాగితాలున్నాయా, ఏ పని చేసి బతుకుతున్నాడు, నెలనెలా ఏ ఊరికి డబ్బు పంపుతున్నాడు? వీటికి ఆ చరణంలో చోటు లేదు. ఖైదీ అయిన మాల్ సింగ్ దొంగతనంగానైనా ఆ చోటు సంపాదించుకున్నాడు. ఒగ్బోకు అది వినే చెవి లేదనీ అనలేం. లాగోస్ రికార్డులలో కండక్టరు తన బస్సు ఎక్కడికి పోతుందో తానే గొంతెత్తి అరుస్తాడు. ఎవరు రాసిన చరణమూ అతనికి అక్కరలేదు.