ఆరె కుటుంబాల తోలుబొమ్మలాట

తెలుగునాట తోలుబొమ్మలాట చాలా పాతది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రస్తావన ఉంది. తర్వాతి కాలంలో దీన్ని ఎక్కువగా నిలబెట్టినవారు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకునే ఆరె కుటుంబాలవారు. తెర మీద మాత్రం పాటా మాటా తెలుగే. రామాయణ, భారత కథలే. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే పాడతారు, ఆడిస్తారు.

బొమ్మల కోసం మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. దాని మీద గీత గీసి, నగలూ అంచులూ ఉండే చోట చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. కాళ్లూ చేతులూ విడిగా కోసి దారంతో కడతారు. ఒకప్పుడు తెర వెనుక ఆముదం దీపాలుండేవి, ఇప్పుడు విద్యుద్దీపాలు. రాముడికెంత గౌరవమున్నా, తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టింది కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే పాత్రల మోటు హాస్యమే.

సినిమా వచ్చాక ఆటలు తగ్గాయి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కళాకారులు అదే తోలుతో దీపపు గొడుగులు, గోడబొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.