షుగరూ స్టెంటూ: నలభై ఏళ్ల తగువు

1889 చివర్లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు హైదరాబాదు వచ్చాడు. మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది అప్పట్లో పెద్ద వివాదం. దాన్ని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనుకుంటే, ఖర్చు నిజాం సర్కారు భరించింది. అప్పటి దివాను, పైగా వంశపు అమీరు ఆస్మాన్ జా. ఫలక్‌నుమా పక్కనే ఉన్న నేటి జహనుమా, ఆ పైగాల మహళ్ల చుట్టూ పెరిగిన పేటే. బ్రంటన్‌కు గుండె కొత్త విషయం కాదు. అమైల్ నైట్రైట్ పీలిస్తే గుండెనొప్పి తగ్గుతుందని 1867లోనే లోకానికి చెప్పినవాడు అతనే. అంటే గుండెనొప్పికి గట్టిగా పనిచేసే తొలి మందును చూపిన మనిషి ఈ ఊళ్లో కొన్నాళ్లు ఉండి వెళ్లాడు.

ఆ మందు నొప్పిని తగ్గించేదే తప్ప రక్తనాళంలోని అడ్డును తీసేది కాదు. అడ్డును లోపలి నుంచే తీయడం ఇంకో తొంభై ఏళ్లకు గానీ సాధ్యపడలేదు. సాధ్యపడ్డాక ఎదురైన మొండి చిక్కు షుగరు. జహనుమాలో ఇప్పుడు ఏ గల్లీలో అడిగినా స్టెంట్ వేయించుకున్న మనిషి ఒకరైనా తగులుతారు. వారిలో చాలామందికి అంతకు ముందే షుగరు ఉంటుంది. ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుందన్నది వైద్యులకు ఒక్క రోజులో అర్థం కాలేదు.

ఇన్సులిన్ తర్వాత బయటపడ్డ గుండె

1922కు ముందు షుగరు ముదిరితే చేయగలిగింది పెద్దగా లేదు. ఆ ఏడాది టొరంటోలో తొలి రోగికి ఇన్సులిన్ సూది పడింది. కోమాలో పోయేవాళ్లు బతికారు, ఏళ్ల తరబడి బతికారు. అలా బతికాక వాళ్ల ప్రాణం తీసేది గుండె, మూత్రపిండాలు అని తేలింది. 1979లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణపు దీర్ఘకాలిక అధ్యయనం, షుగరు ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు ఎంత ఎక్కువో లెక్కలతో చూపింది. 1998లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక పరిశీలన మరో మెట్టెక్కింది. ఇంతవరకు గుండెపోటు రాని షుగరు రోగికీ, ఒకసారి గుండెపోటు వచ్చి షుగరు లేని మనిషికీ ముప్పు దాదాపు సమానమేనంది. తర్వాతి పరిశీలనలు ఆ మాటను కొంత సడలించినా, అప్పటికే వైద్యులు షుగరును చూసే తీరు మారిపోయింది.

మన సంగతి చెప్పింది 2000 నాటి జాతీయ నగర మధుమేహ సర్వే. ఆరు మహానగరాల్లో పెద్దవాళ్లను పరీక్షిస్తే హైదరాబాదు అన్నిటికన్నా ముందుంది: 16.6 శాతం. చెన్నై 13.5, ముంబై 9.3. హైదరాబాదులో వందకు పదహారు మందికి పైగా షుగరు ఉన్న ఆ రోజుల్లోనే ఈ ఊరి ఆసుపత్రుల్లో స్టెంట్లు జోరందుకున్నాయి.

బెలూన్ నుంచి లోహపు జాలీ దాకా

1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ ఒక రోగి గుండె రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని కొసన ఉన్న బెలూన్‌ను ఉబ్బించి అడ్డును పక్కకు నొక్కాడు. ఛాతీ కోయకుండానే పని అయింది. కానీ నొక్కిన చోటు కొన్ని నెలల్లో మళ్లీ ముడుచుకునేది. అందుకని 1986లో ఫ్రాన్స్‌లో జాక్ ప్యూల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిచ్ సిగ్వర్ట్ ఆ చోట లోహపు జాలీ నిలిపి చూశారు. అదే స్టెంట్. 1994లో వెలువడ్డ రెండు పెద్ద అధ్యయనాలు ఒట్టి బెలూన్ కన్నా స్టెంట్ మేలని తేల్చాయి. అయినా వాటిలో ఒకటైన బెనెస్టెంట్ అధ్యయనంలో స్టెంట్ వేసినవాళ్లలో 22 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడింది.

స్టెంట్ వేయడమంటే నాళపు లోపలి పొరకు గాయం చేయడం కూడా. ఆ గాయం మానేటప్పుడు కండర కణాలు పెరిగి జాలీ లోపలికి చొచ్చుకొస్తాయి. మామూలు మనిషిలో అది కొంత దూరం వెళ్లి ఆగుతుంది. షుగరు రోగిలో లోపలి పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు చిన్న సాకుకే గడ్డకట్టే తీరులో ఉంటాయి, కణాలు అతిగా పెరుగుతాయి. పైగా వాళ్ల నాళాలు సన్నగా, అడ్డులు పొడవుగా, ఒకటికి మూడు చోట్ల ఉంటాయి. అందుకే అదే స్టెంట్, అదే డాక్టరు, అదే చేయి అయినా షుగరు రోగికి మళ్లీ పూడిపోయే అవకాశం ఎక్కువ.

నాళాన్ని లోపలి నుంచి తెరిచే పద్ధతి షుగరు రోగులకు అంతగా కలిసిరాదని మొదట గట్టిగా చెప్పింది, బెలూన్ల కాలంలోనే, బారీ అనే అమెరికన్ అధ్యయనం. ఒకటికి మించిన నాళాల్లో అడ్డులున్న 1,829 మందిని బెలూన్‌కో బైపాస్‌కో పంపారు. అందులో షుగరుకు మందులు వాడుతున్నవాళ్లు 353 మంది. ఆ షుగరు రోగుల్లో అయిదేళ్లకు బైపాస్ చేయించుకున్నవాళ్లలో 80.6 శాతం మంది బతికి ఉంటే, బెలూన్ చేయించుకున్నవాళ్లలో 65.5 శాతం మందే బతికారు. తేడా ఎంత పెద్దదంటే, పత్రికలో ఫలితాలు రాకముందే 1995లో అమెరికా జాతీయ హృదయ సంస్థ వైద్యులకు హెచ్చరిక పంపింది.

కంచన్‌బాగ్ దారిలో ఒక ప్రయత్నం

మన దగ్గర అప్పుడున్న ఇబ్బంది వేరు. స్టెంట్ విదేశీ సరుకు, ధర సామాన్యుడికి అందేది కాదు. జహనుమాకు తూర్పున కొద్ది మైళ్లలో ఉన్న కంచన్‌బాగ్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు 1980ల్లో డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఆయనా, నిమ్స్‌లో గుండె వైద్యుడిగా పేరు తెచ్చుకుని 1997లో కేర్ ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ బి. సోమరాజూ కలిసి 1990ల్లో తక్కువ ధరలో దేశీయ స్టెంట్ తయారు చేయించారు. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరు. తర్వాత మందుపూత స్టెంట్లు వచ్చి దాన్ని వెనక్కి నెట్టాయి. అయినా స్టెంట్ మన ఊళ్లో కూడా తయారవుతుందని నమ్మించింది అదే. 2023లో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో పెద్ద స్టెంట్ కర్మాగారమే మొదలైంది.

మందుపూత వచ్చింది, ముప్పు తగ్గింది, పోలేదు

2002లో ఐరోపాలో, 2003లో అమెరికాలో మందుపూత స్టెంట్లకు అనుమతి వచ్చింది. కణాలు పెరగకుండా ఆపే సిరోలిమస్, పాక్లిటాక్సెల్ వంటి మందులు లోహం మీంచి కొద్దికొద్దిగా విడుదలవుతాయి. షుగరు రోగులకే ప్రత్యేకించి స్పెయిన్‌లో 160 మంది మీద చేసిన పరిశీలనలో ఒట్టి లోహపు స్టెంట్ వేసినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి నాళం మళ్లీ సన్నబడితే, మందుపూత వేసినవాళ్లలో అది పది శాతం లోపే ఉంది. ఇక సమస్య తీరినట్టే అనుకున్నారు. 2006లో బార్సిలోనాలో జరిగిన ఐరోపా గుండె వైద్యుల సదస్సు ఆ ఆనందానికి అడ్డుకట్ట వేసింది. మందుపూత వల్ల గాయం నెమ్మదిగా మానుతుందనీ, ఏడాది దాటాక కూడా స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చనీ, అందులోనూ రక్తం పలచబరిచే మాత్రలు మధ్యలో మానేసినవాళ్లకు ముప్పు పెరుగుతుందనీ బయటపడింది.

అప్పట్లో ఇంకో వాదన నడిచింది. పాక్లిటాక్సెల్ పనిచేసే దారికి ఇన్సులిన్‌తో సంబంధం లేదు కాబట్టి షుగరు రోగులకు ఆ పూతే మేలని కొందరన్నారు. ఆ వాదాన్ని తేల్చింది మన దేశమే. డాక్టర్ ఉపేంద్ర కౌల్ నాయకత్వంలో టక్సీడో-ఇండియా పేరుతో 46 కేంద్రాల్లో 1,830 మంది షుగరు రోగుల మీద అధ్యయనం జరిగింది. 2015లో ఫలితాలొచ్చాయి. స్టెంట్ వేసిన నాళంలో ఏడాదిలోపు మళ్లీ ఇబ్బంది వచ్చినవాళ్లు పాక్లిటాక్సెల్ వర్గంలో 5.6 శాతం, సిరోలిమస్ కోవకు చెందిన ఎవరోలిమస్ వర్గంలో 2.9 శాతం. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం 2.1 శాతం, 0.4 శాతం. షుగరు రోగుల స్టెంట్ ఎంపిక మీద అంతర్జాతీయ స్థాయి జవాబు ఇక్కడి రోగుల నుంచే వచ్చిందన్నమాట.

దానికి మూడేళ్ల ముందే, 2012లో, ఫ్రీడమ్ అధ్యయనం మరింత మౌలికమైన ప్రశ్నకు జవాబిచ్చింది. షుగరుతో పాటు రెండు మూడు నాళాల్లో అడ్డులున్న 1,900 మందిలో అయిదేళ్లకు మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే మందుపూత స్టెంట్ వర్గంలో 26.6 శాతం, బైపాస్ వర్గంలో 18.7 శాతం. మరణాలు 16.3 శాతం, 10.9 శాతం. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే ఎక్కువ: 5.2 శాతం, స్టెంట్ వర్గంలో 2.4. ఆ అధ్యయనంలో వాడినవి మొదటి తరం మందుపూత స్టెంట్లు. ఇప్పటివి మెరుగైనవే కానీ, షుగరుతో పాటు మూడు నాళాల్లో అడ్డులుంటే బైపాస్‌దే పైచేయి అన్న మాట ఇప్పటికీ చెల్లుతోంది.

దీనికి కారణం స్టెంట్ లోపం కాదు. పాతబస్తీ గల్లీలో తుప్పు పట్టిన నల్లా పైపుకు ఒకచోట అతుకు వేస్తే, రేపు రెండు గజాల అవతల కారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. స్టెంట్ ఇవాళ్టి అడ్డును తీస్తుంది. ఛాతీ లోపలి ధమనిని తెచ్చి దిగువన కలిపే బైపాస్, ఆ పై భాగంలో రేపు రాబోయే అడ్డులను కూడా తప్పించుకుని రక్తం అందిస్తుంది. షుగరు నాళమంతటినీ పట్టే జబ్బు కాబట్టి ఈ తేడా వాళ్లకు ప్రాణం మీది తేడా అయింది.

ఆసుపత్రి గడప దాటాక

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె చికిత్సను తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరకు పగ్గం వేసింది: ఒట్టి లోహపుదానికి 7,260 రూపాయలు, మందుపూతకు 29,600. ఈ రెండింటితో స్టెంట్ అందనిదన్న మాట చాలా వరకు పోయింది. స్టెంట్ తర్వాతి జీవితం మాత్రం ఇప్పటికీ మనిషి చేతుల్లోనే, జేబులోనే ఉంది.

జహనుమాలో ఒక డిశ్చార్జ్ కాగితాన్ని విప్పి చూస్తే ఈ చరిత్రంతా అందులోనే కనిపిస్తుంది. పైన 'డీఎం, హెచ్‌టీఎన్', అంటే షుగరు, బీపీ. కింద ఏ నాళంలో ఎన్ని మిల్లీమీటర్ల స్టెంట్ వేశారో. ఆ తర్వాత మాత్రల పట్టీ: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, కొవ్వు తగ్గించే స్టాటిన్, బీపీ మాత్ర, షుగరు మాత్రలు. నొప్పి పోయింది కదా అని మూడో నెలలో మందుల షాపు ముందు నిలబడి 'షుగరువి ఇవ్వండి చాలు' అనేవాళ్లుంటారు. వాళ్లు వదిలేసేది స్టెంట్‌ను తెరిచి ఉంచే మాత్రనే. రంజాన్ నెలలో మాత్రల వేళలను సెహ్రీకి, ఇఫ్తార్‌కు మార్చుకోవాలి. అది డాక్టరును అడిగి చేయాలి తప్ప నెలంతా మానేయకూడదు. నడిరాత్రి దాటాక వడ్డించే షాదీ ఖానా విందు, ఆ పైన ఖుబానీ కా మీఠా, మర్నాడు పొద్దున షుగరు లెక్కలో తేలతాయి.

ఇంకో ముప్పుంది. షుగరు నరాలను మొద్దుబారుస్తుంది కాబట్టి రెండోసారి గుండెపోటు ఛాతీలో నొప్పిగా రాకపోవచ్చు. ఆయాసంగానో, చెమటగానో, 'గ్యాస్' అనిపించే మంటగానో వస్తుంది. గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారే దాకా చూద్దామనుకునే ఇళ్లలో గుండె కండరం గంటగంటకూ చచ్చుబడుతుంది.

కొత్త ఆశ స్టెంట్ల కన్నా మందుల వైపు నుంచి వచ్చింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర, అప్పటికే గుండెజబ్బున్న షుగరు రోగుల్లో గుండె సంబంధ మరణాలను 38 శాతం తగ్గించిందని తేలింది. షుగరు మాత్ర ఒకటి గుండె చావులను ఇంతగా తగ్గించడం అదే మొదలు. 2025 మార్చిలో మన దేశంలో దాని పేటెంట్ గడువు తీరి, ధర బాగా దిగింది. ఒకప్పుడు స్టెంట్ ధర విషయంలో జరిగిందే ఇప్పుడు మాత్ర విషయంలో జరుగుతోంది.

నలభై ఏళ్ల ఈ తగువులో ప్రతి కొత్త స్టెంటూ షుగరు ముప్పును కొంత తగ్గించింది, ఏదీ పూర్తిగా గెలవలేదు. కాబట్టి షుగరు ఉన్నవారికి యాంజియోగ్రామ్ అయ్యాక అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ కంపెనీ స్టెంట్ అని కాదు. ఎన్ని నాళాల్లో అడ్డులున్నాయి, బైపాస్ గురించి సర్జన్‌తో మాట్లాడారా అని. స్టెంటే వేస్తే, రక్తం పలచబరిచే మాత్రలు ఎన్ని నెలలు, కొవ్వు ఎంతకు దిగాలి, కిడ్నీ పరీక్ష మళ్లీ ఎప్పుడు అని. ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాటికి జవాబులు రోగి ఇంటి భాషలో, తెలుగైనా దఖ్నీ అయినా, డిశ్చార్జ్ కాగితం మీదే రాసివ్వడం ఆసుపత్రుల పని.