మన ఏ.సీ.లోని గ్యాస్ – ఒక చిన్న చరిత్ర

వేసవి వచ్చిందంటే మన పెన్షనర్ల మాటల్లో డి.ఏ. తర్వాతి స్థానం ఏ.సీ.దే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఏ పార్కు బెంచీ మీద కూర్చున్నా ఈమధ్య ఒక మాట వినబడుతోంది: "పాత ఏ.సీ.లను గవర్నమెంటు బంద్ చేసిందట, ఇక గ్యాస్ దొరకదట." ఈ "అట"లో కొంత నిజం, కొంత భయం కలిసి ఉన్నాయి. రెండింటినీ వేరు చేసి చూడాలంటే కాస్త చరిత్ర తిరగేయాలి. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు, రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. అయితే ఈ కథ చాలావరకు ఫైళ్ల మీదే నడిచింది కనుక నాకు అర్థమైనంత మేరకు మనవి చేస్తాను.

నేను 1970లలో ఉద్యోగంలో చేరేనాటికి మా ఆఫీసులో ఏ.సీ. పెద్ద అధికారి గదికే పరిమితం. మాకు కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికలు, వాటిమీద నీళ్లు చల్లే అటెండరు, తలమీద గిర్రున తిరిగే ఫ్యాను. ఇళ్లలోనూ అంతే. తర్వాత కూలర్లు వచ్చాయి. కానీ కూలర్‌కు బిందెలకు బిందెలు నీళ్లు కావాలి. బోర్లు ఎండి, ట్యాంకరు కోసం వరుస కట్టే కాలనీల్లో కూలర్‌కు నీళ్లెక్కడివి? ఆ తర్వాత మెల్లగా మనవంటి వారి ఇళ్లకూ ఏ.సీ.లు చేరాయి.

అంతకు చాలాముందే ఈ గ్యాసు ఫ్రిజ్ రూపంలో మన ఇళ్లలోకి వచ్చింది. 1942లో మన నగరంలో స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు ఎందరి ఇళ్లలోనో ఉండేవి. ఆనాటి ఫ్రిజ్‌లలో వాడింది ఆర్-12 అనే వాయువు.

ఈ జాతి వాయువులు పుట్టింది అమెరికాలో. 1920లలో అక్కడి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి లీకై మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం విషం కానిది, మండనిది అయిన కొత్త వాయువును రూపొందించింది. 1930లో ఆయన సభలో అందరి ముందు దాన్ని పీల్చి, ఆ ఊపిరితో కొవ్వొత్తిని ఆర్పి చూపించాడు. అదే ఫ్రియాన్. ప్రజల ప్రాణాలు కాపాడటానికి వచ్చిన వస్తువే అది. నింద వేసేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

దోషం నేలమీద కాక ఆకాశంలో బయటపడింది. ఈ వాయువులోని క్లోరిన్ పై వాతావరణానికి చేరి ఓజోన్‌ను తినేస్తుందని 1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పారు. ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలను వడగట్టే తెర. అది పలచబడితే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి. 1985లో బ్రిటిష్ పరిశోధకులు అంటార్కిటికాపైన ఓజోన్ బాగా తరిగిపోయిందని లెక్కలతో చూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి.

మన దేశం వెంటనే చేరలేదు. రంధ్రం చేసింది ధనిక దేశాలు, పూడ్చే ఖర్చు మా నెత్తిన ఎందుకని మనవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1990లో లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదన గట్టిగా వినిపించారు. వర్ధమాన దేశాలకు సాయపడే నిధి అక్కడే ఖాయమైంది. 1992లో భారత్ ఒప్పందంలో చేరింది. మనకు దగ్గరలోనే, తార్నాకలోని ఐ.ఐ.సి.టి. ఆర్-12కు బదులుగా వాడే 134ఏ వాయువు తయారీ మీద పరిశోధనలు చేసింది. 2000లో మన ప్రభుత్వం నియమావళి తెచ్చింది. 2010 జనవరి 1 నాటికి ఆర్-12 వంటివి ఆగిపోయాయి. ఉబ్బసం ఇన్‌హేలర్లకు మాత్రం కొంతకాలం మినహాయింపు ఇచ్చారు.

ఇక మన ఏ.సీ.లలో ఉండే ఆర్-22 సంగతి. ఇది ఆర్-12 చేసే చెరుపులో ఇరవయ్యో వంతు చేస్తుంది. అందుకే దీనికి ఎక్కువ గడువు దొరికింది. ఆ గడువు ఎలా పెట్టారో చూస్తే గుమాస్తాలందరికీ ముచ్చట వేస్తుంది. 2009, 2010 సంవత్సరాల వాడకం సగటు తీసి దాన్ని మూలాంకంగా పెట్టారు. 2013లో అంతకు మించకూడదన్నారు. 2015లో 10 శాతం, 2020లో 35 శాతం, 2025లో 67.5 శాతం, 2030లో 97.5 శాతం కోత. మిగిలిన 2.5 శాతం పాత యంత్రాల మరమ్మతు కోసం 2040 వరకు. మన దేశంలో ఆర్-22తో కొత్త యంత్రాల తయారీ 2025 జనవరి 1 నుంచి నిషిద్ధం. నిషేధం కొత్త యంత్రం తయారీ మీదే, మీ గోడకున్న పాతదాని మీద కాదు.

ఈ ఒక్క తేడా తెలియక మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను. ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే ఒక వదినగారి ఏ.సీ.కి మూడేళ్లుగా ప్రతి మార్చిలో గ్యాస్ నింపించారు. ఈసారి వచ్చిన కుర్రవాడు, "అమ్మా, గీ గ్యాస్ బంద్ అయింది. కొత్త మిషన్ తీస్కోండి, లేకుంటే వేరే గ్యాస్ ఏస్తా, సస్తగ అయితది" అన్నాడట. ఆమె అప్పు కోసం తిరుగుతుంటే తెలిసింది. నాకు తెలిసిన ఒక పాత మెకానిక్‌ను పిలిపించాను. ఆయన సబ్బు నురగ రాసి చూస్తే, బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం నట్టు బిగింపులో బుడగలు వచ్చాయి. "సార్, మూడేండ్ల సంది గ్యాస్ గాలిలకే పోతుంది" అన్నాడు. బిగింపు సరిచేసి, అదే ఆర్-22 నింపి వెళ్లాడు. యంత్రం ఇప్పటికీ నడుస్తోంది.

వంటగ్యాసులా ఏ.సీ. గ్యాసు ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏటా నింపవలసి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారిన ఒక్క కిలో ఆర్-22, నూరేళ్ల లెక్కన సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది.

"వేరే గ్యాస్" మాట కూడా వినవద్దు. ఆర్-22 స్థానంలో వచ్చిన ఆర్-410ఏ దాదాపు ఒకటిన్నర రెట్లకు మించిన ఒత్తిడితో పనిచేస్తుంది, కంప్రెసర్ నూనె కూడా వేరు. పాత యంత్రం దాన్ని తట్టుకోలేదు. పైగా ఓజోన్‌కు హాని లేకున్నా, భూమిని వేడెక్కించడంలో అది ఆర్-22ను మించినది. అందుకే 2016లో కిగాలి సవరణ వచ్చింది. 2021లో మన దేశం ఆమోదించింది. 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. ఇప్పుడు కొత్త ఏ.సీ.లలో ఎక్కువగా కనిపించే ఆర్-32 వేడెక్కించే గుణంలో ఆర్-410ఏకు మూడో వంతే, కానీ కొద్దిగా మండే స్వభావం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేనే. వాతావరణానికి మేలైనదే గాని బాగా మండుతుంది. దానికోసం తయారైన యంత్రంలో తప్ప పాతదాంట్లో నింపడం ఇంట్లో నిప్పు పెట్టుకోవడమే.

కనుక సభ్యులకు నా మనవి ఇది. బయటి యూనిట్‌కు అతికించిన పలకమీద గ్యాస్ పేరు ఉంటుంది, చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. లీకు వెతకకుండా గ్యాస్ నింపనివ్వకండి. ఇల్లు మారినప్పుడు గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా బయటి యూనిట్‌లోకే లాగి మూయమనండి. పాత యంత్రం అమ్మేటప్పుడు కూడా గ్యాస్‌ను సిలిండరులోకి తీసే మెకానిక్‌నే పిలవండి. అది బాగున్నంత కాలం వాడుకోండి. భయపడి మార్చవద్దు, పాడయ్యాక పట్టుకు వేలాడవద్దు.

ఈ కోతలు ఇలాగే అమలైతే ఓజోన్ పొర చాలా ప్రాంతాల్లో 2040 నాటికి, అంటార్కిటికాపైన 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. మనం పెన్షన్ కాగితాల్లో నామినీ పేరు రాసేది మన తర్వాతి వారి కోసమే కదా, ఇదీ అటువంటిదే. వచ్చే మార్చిలో మెకానిక్ మీ ఇంటికి వస్తే ముందు సబ్బు నురగ తెమ్మనండి, గ్యాస్ సిలిండరు తర్వాత.