బస్రా స్మారకంలో పేరు లేని సిపాయి

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళంలో తమిళులతోపాటు తెలుగువారూ చేరి మెసపొటేమియాలో వంతెనలు కట్టారు, బాటలు వేశారు. ఆ రంగంలో మరణించి, సమాధి జాడ తెలియని 40,000 మందికి పైబడిన సైనికుల స్మృత్యర్థం 1929లో బస్రా స్మారకాన్ని ఆవిష్కరించారు.

ఆ ఫలకాలపై భారతీయ సైన్యంలోని అధికారుల పేర్లు చెక్కారు; సామాన్య సిపాయిలను దళాలవారీగా సంఖ్యలతోనే సరిపెట్టారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021 నాటి నివేదికలో ఈ అసమానతను అంగీకరించింది. సమాధి లేకపోవడం యుద్ధఫలితం. పేరు లేకపోవడం పాలకుల నిర్ణయం.

అయితే బ్రిటిషు యుద్ధ పతకం అంచున సిపాయి సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. బంటుమిల్లి వంటి డెల్టా గ్రామాలలో ఏ ఇంటి పెట్టెలోనైనా అటువంటి పతకం మిగిలి ఉంటే, శిలాఫలకం విడిచిన పేరుకు అదే ప్రాథమిక ఆధారం. స్థానిక చరిత్ర రచన అక్కడినుండి ఆరంభం కావాలి.