కొండ సాంబ్రాణి

కొండ సాంబ్రాణి (శాస్త్రీయ నామం: బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటా) బర్సరేసి కుటుంబానికి చెందిన ఆకురాల్చే వృక్షం. ఇది తూర్పు కనుమలకే పరిమితమైన జాతి. శేషాచలం కొండలలోను, గుంటూరు, ప్రకాశం మైదానాలకు పడమటనున్న నల్లమలలోను పెరుగుతుంది. దీనిని 1961లో ఎన్.పి.బాలకృష్ణన్, ఎ.ఎన్.హెన్రీ కొత్త జాతిగా వర్ణించారు.

ధూపం

బెరడుపై గాటు పెడితే కారే బంక గాలికి గట్టిపడుతుంది. దానిని నిప్పులపై చల్లినపుడు ముందుగా తైలాలు ఆవిరై పరిమళిస్తాయి; పిదప బంక కాలి దట్టమైన తెల్లని పొగ లేస్తుంది. తలంటి తరువాత పిల్లల జుట్టుకు సాంబ్రాణి పొగ వేయుట తెలుగువారి ఆచారం. అంగళ్ళలో సాంబ్రాణి పేరున దొరికేది సాధారణంగా ఆగ్నేయాసియాలోని స్టైరాక్స్ చెట్ల బంక; దాని వాసనలో తియ్యదనం ఎక్కువ.

ముప్పు

విరామం లేకుండా లోతుగా గాట్లు పెడితే చెట్టు నీరసించి ఎండిపోతుంది. విత్తనాలు తక్కువగా మొలకెత్తడం వలన పోయిన చెట్ల స్థానం భర్తీ కావడం కష్టం.