చెప్పుకొనరాని వ్యాధి

పెండ్లికి పిలుపు వచ్చినను పోక, ప్రయాణమునకు ముందు గ్రుక్కెడు నీరైన త్రాగక, నలుగురి నడుమ కూర్చుండుటకు జంకువారు మన యిండ్లలో ఎందరో కలరు. మూత్రము తమ వశమున నిలువదని వారు ఎవరితోను చెప్పుకొనలేరు. ఈ మౌనము నిన్న నేటిది కాదు. దాని చరిత్రను కొంత పరికింతము.

ఈజిప్టు దేశమున దేర్ ఎల్ బహారీ సమాధులలో హెన్‌హెనిత్ అను రాచకాంత శవము లభించెను. ఆమె సుమారు 4,000 ఏండ్ల నాటిది. ఆమె మూత్రాశయమునకును జననమార్గమునకును నడుమ చీలిక కలదని డెర్రీ అను శాస్త్రజ్ఞుడు 1935లో ప్రకటించెను. కాన్పు కష్టమై నొప్పులు దినముల తరబడి సాగినచో, శిశువు తల ఒత్తిడికి రక్తము అందక అచ్చటి కండ చచ్చి రంధ్రమేర్పడును. ఆపై మూత్రము రేయింబవళ్లు కారుచునే యుండును. దీనినే వైద్యులు ఫిస్టులా అందురు. అంతఃపుర భోగము సైతము ఆమెను దీనినుండి కాపాడలేదు.

ఈ రంధ్రమును వెండితీగతో కుట్టు విధానమును అమెరికాలోని మాంట్గొమరీ పట్టణమున మారియన్ సిమ్స్ అను వైద్యుడు 1845, 1849 సంవత్సరముల నడుమ సాధించెను. అయితే ఆయన ప్రయోగములకు లోనైనవారు బానిసస్త్రీలు. కాదనుటకు వారికి హక్కు లేదు. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అను ముగ్గురి పేర్లే మనకు దక్కినవి. అనార్కాకు మత్తుమందు లేకయే 30 శస్త్రచికిత్సలు జరిగెను. విగ్రహము మాత్రము సిమ్స్‌కు వెలసెను. న్యూయార్కు నగరము దానిని సెంట్రల్ పార్కునుండి 2018లో తొలగించెను.

రోగికి దక్కవలసిన గౌరవము ఇథియోపియాలో దక్కెను. 1959లో రెజినాల్డ్, కాథరీన్ హామ్లిన్ అను వైద్యదంపతులు ఆడిస్ అబాబా నగరమునకు వచ్చిరి. 1962లో మమీతు గాషె అను పల్లెపడుచు, కాన్పులో బిడ్డను కోల్పోయి, ఈ గాయముతో వారిని చేరెను. అది ఒక్క చికిత్సతో మానలేదు, పలుమార్లు కుట్టవలసివచ్చెను. అయినను ఆమె మూల కూర్చుండలేదు. ఆసుపత్రిలో పక్కలు సర్దెను. వైద్యులకు పనిముట్లు అందించెను. తుదకు తానే శస్త్రచికిత్స నేర్చెను. 1974లో ఆ దంపతులు ఫిస్టులా రోగులకే ప్రత్యేకముగా ఒక ఆసుపత్రిని నెలకొల్పిరి. బడి చదువు లేని మమీతుకు లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1989లో హామ్లిన్ దంపతులతోపాటు బంగారు పతకము నొసగెను. పూర్తిగా నయముకాని స్త్రీలకై పిమ్మట దెస్తా మెండర్ వెలసెను. ఆ మాటకు ఆనందగ్రామమని అర్థము. అచ్చటి స్త్రీలు పనులు నేర్చి స్వశక్తిపై బ్రతుకజొచ్చిరి.

అందరి బాధయు ఇంత తీవ్రము కాదు. దగ్గినను తుమ్మినను నాలుగు చుక్కలు జారువారికై, కటిదిగువ కండరములను బిగించి వదలు వ్యాయామమును ఆర్నాల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు 1948లో ప్రచురించెను. నేటికిని వైద్యులు తొలుత చెప్పువానిలో అది యొకటి. కాని అది నోరు విప్పినవారికే గదా అందును! కావున మన తల్లి పెండ్లికి ఏల రాననుచున్నదో, మనమే ఆమె చెంత కూర్చుండి మెల్లగా అడుగవలెను.